నమూనాలూ మనుషులూ

ఛాయాచిత్రం ప్రజాస్వామికమైన కళ అనటం పరిపాటి. 1839 లో పారిస్‌లో దాగెర్ పద్ధతి లోకానికి వెల్లడి అయ్యేవరకు, ఒక మనిషి తన ముఖాన్ని పదిలపరచుకోవాలంటే చిత్రకారుణ్ణి పోషించగల స్తోమతు వుండాలి. ఆ స్తోమతు రాజులకూ జమీందార్లకూ పెద్ద వర్తకులకూ వుండేది. కెమెరా వచ్చి వారి గుత్తాధిపత్యాన్ని బద్దలు కొట్టిందనీ, రాజుగారి ముఖానికీ కూలివాని ముఖానికీ ఒకే వెలుతురులో చోటిచ్చిందనీ చెబుతారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. అయితే అది సగం నిజమే. కూలివాడు కెమెరా ముందుకు తనంత తాను వచ్చాడా, ఎవరైనా తెచ్చి నిలబెట్టారా అని అడిగితే మిగిలిన సగం బయటపడుతుంది.

అలా అడగవలసిన అవసరం ఇప్పుడు కలిగింది. ఒక పేటలోనో వాడలోనో నివసించే సామాన్యుల ఫొటోలు తీసి, పెద్దవి చేసి, ఆ పేట గోడలమీదనో గ్రంథాలయంలోనో వేలాడదీసి, మన వూరంటే వీరే అని గౌరవించే ఆచారం చాలా దేశాల్లో వ్యాపించింది. మన పట్టణాలకూ వచ్చింది. కూడలి కూడలికీ నాయకుల విగ్రహాలే వున్న చోట ఒక దర్జీకీ, ఒక పాకీ పనిచేసే ఆమెకూ, ఒక పూలమ్మే అవ్వకూ ఇటువంటి మర్యాద జరగటం సంతోషించదగిన విషయమే. కాని సంతోషించి వూరుకోవటం విమర్శకుని పని కాదు. ఈ ఆచారానికి ఒక చరిత్ర వుంది. ఆ చరిత్రలో మనకు గిట్టని పూర్వీకులు కూడా వున్నారు.

సాహిత్య విద్యార్థికి ఇది బొత్తిగా కొత్త సమస్య కాదు. 1888 లో ఎంగెల్స్, మార్గరెట్ హార్క్‌నెస్ అనే నవలా రచయిత్రికి రాసిన వుత్తరంలో వాస్తవికతను చర్చిస్తూ, వివరాలు నిజమైనవైతే చాలదనీ, ప్రాతినిధ్యం గల పరిస్థితుల్లో ప్రాతినిధ్యం గల పాత్రలు కనిపించాలనీ అన్నాడు. ప్రాతినిధ్యం అనే ఈ మాటను మనవాళ్ళు చాలాసార్లు అపార్థం చేసుకున్నారు. కార్మికుడంటే ఇలా వుంటాడు, రైతంటే ఇలా వుంటాడు అని ఒక అచ్చు తయారుచేసి, అందులోనుంచి పాత్రలను పోతపోసిన కథలు మన పత్రికల్లోనే ఎన్ని రాలేదు! అటువంటి పాత్ర ప్రతినిధి కాదు, నమూనా. ధాన్యం బస్తాకు చిన్న బెజ్జం పెట్టి పిడికెడు గింజలు తీసి చూస్తారే, అటువంటిది. పిడికెడు చూస్తే బస్తా అంతా చూసినట్టే. ప్రతినిధి అలా కాదు. గిరీశం ఒక కాలానికీ ఒక వర్గానికీ ప్రతినిధి. అయినా గిరీశం గిరీశమే. అతన్ని చూశాక అటువంటివాళ్ళను మరింత శ్రద్ధగా చూడాలనిపిస్తుందేగాని, ఇక చూడనక్కరలేదని అనిపించదు.

ఛాయాచిత్రంలో సామాన్యుడు ఎప్పుడు నమూనా అయ్యాడు, ఎప్పుడు ప్రతినిధి అయ్యాడు అన్నదే నేనిక్కడ పరిశీలించదలచిన విషయం.

కెమెరా పుట్టకముందే వూరి మనుషులను వరసగా నిలబెట్టి చూపిన గ్రంథం మనకు వుంది. వినుకొండ వల్లభరాయని పేర ప్రచారంలో వున్న క్రీడాభిరామంలో (అది శ్రీనాథునిదని వాదించినవారూ వున్నారు) మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ కంటబడినవారినల్లా వర్ణించుకుంటారు. పూటకూళ్ళ ఇల్లూ, కోడిపందెమూ, వీరగాథలు పాడేవాళ్ళూ, అన్నీ అందులో వున్నాయి. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949 నాటి తమ సాంఘిక చరిత్రలో ఆ కావ్యాన్ని విరివిగా వాడుకున్నారు. అయితే ఆ వీధుల్లోని జనం ఇద్దరు షికారురాయుళ్ళ కంటికి విందు మాత్రమే. వారికి తిరిగి చూసే అవకాశం కవి ఇవ్వలేదు. ఈ లోపాన్ని పదిహేనో శతాబ్దపు కవికి అంటగట్టటం అన్యాయమే గాని, లోపాన్ని గుర్తుపెట్టుకోవాలి; మనకు మళ్ళీ తగులుతుంది.

మన దేశంలో సామాన్యుణ్ణి పెద్ద ఎత్తున కెమెరా ముందు నిలబెట్టింది కళాకారులు కారు, ప్రభుత్వం. 1857 తిరుగుబాటు ఆంగ్లేయులను గడగడలాడించింది. తాము పాలిస్తున్న జనం ఎవరో తమకు తెలియదన్న భయం వారిని పట్టుకుంది. గవర్నర్ జనరల్ కానింగ్ దంపతులు వేడుకకోసం మొదలుపెట్టిన ఫొటోల సేకరణ ఆ తర్వాత సర్కారు కార్యక్రమంగా మారి, 1868 నుంచి 1875 దాకా 8 సంపుటాలుగా 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అనే పేర లండనులో వెలువడింది. ఫార్బ్స్ వాట్సన్, జాన్ విలియం కే సంపాదకులు. 450 కి పైగా ఫొటోలు. ఫొటో కింద కులం పేరో తెగ పేరో వుంటుంది. పక్కన ఆ జనం ఎటువంటివారో, ప్రభుత్వం వారిని ఎంతవరకు నమ్మవచ్చునో చెప్పే వివరణ వుంటుంది. ఆ సంపుటాలు వెలువడుతూ వున్న కాలంలోనే, 1871 లో, నేరస్థ తెగల చట్టం వచ్చింది. పుట్టుకతోనే కొన్ని జాతులు దొంగజాతులని శాసించిన చట్టం అది. చట్టమూ ఆల్బమూ ఒక తల్లి బిడ్డలు.

దక్షిణాదిన ఈ పనిని ఎడ్గర్ థర్‌స్టన్ కొనసాగించాడు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా వుండి మనుషుల తలలూ ముక్కులూ కొలిచాడు. 1909 లో 7 సంపుటాలుగా వచ్చిన ఆయన గ్రంథంలో తెలుగు కులాలన్నీ ఇంగ్లీషు అక్షరక్రమంలో బారులు తీరాయి. పరిశోధకులకు ఆ గ్రంథం పనికివస్తుంది, నేనూ వాడుకున్నాను. కాని తమ కులం పేజీని తెరిచి గర్వంగా చూపించే చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ వుండటం విచిత్రం. కొలబద్ద పెట్టి తమ తాతల ముక్కు కొలిచిన పుస్తకాన్ని వంశచరిత్రగా భావించటమంటే అంతకన్న పెద్ద విజయం సామ్రాజ్యవాదానికి ఏముంటుంది?

విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 'పీపుల్ ఆఫ్ ఇండియా' కు ఫొటోలు ఇచ్చినవారిలో ఇతడొకడు. 1876-78 నాటి మహా కరువులో, అంటే మన రాయలసీమ వృద్ధులు తరతరాలుగా ధాత కరువని చెప్పుకున్న కరువులో, మద్రాసు రాజధానిలోని ఆకలి జనాన్ని ఇతడు ఫొటోలు తీశాడు. ఆ కరువు వాతపడి యాభై లక్షలకు పైగా మనుషులు చనిపోయారు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు మరుభూములయ్యాయి. హూపర్ ఫొటోల్లో ఎముకల గూళ్ళలాంటి మనుషులు చక్కగా వరసదీరి కూర్చుని వుంటారు. పెద్దలు వెనక, పిల్లలు ముందు, కుటుంబ ఫొటోలో వున్నట్టే. వాళ్ళను అలా ఎవరో సర్ది కూర్చోబెట్టారు. ఫొటో తీసుకున్నాక వారికి అతడు ఏ సహాయమూ చేయలేదన్న విమర్శ వచ్చింది. 1886 లో ఇదే హూపర్ మాండలేలో మరణశిక్ష పడిన బర్మీయులను తుపాకులతో కాల్చేటప్పుడు, గుండు తగిలే క్షణాన్నే పట్టుకోవాలని కెమెరా సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. దానిమీద అల్లరీ విచారణా జరిగాయి. హూపర్‌ను క్రూరుడని తిట్టి వూరుకుంటే మనకు ఒరిగేదేమీ లేదు. కులం నమూనా, ఆకలి నమూనా, చావు నమూనా: అతడు చేసిన పని మొదటినుంచి చివరిదాకా ఒకటే. మొదటిదానికి ప్రభుత్వం మెచ్చుకుంది, చివరిదానికి విచారణ జరిపింది, అంతే తేడా.

కరువు ఫొటోలన్నీ ఇటువంటివేనని దీని అర్థం కాదు. 1943 బెంగాల్ కరువులో కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి పి.సి. జోషీతోనూ, చిత్రకారుడు చిత్తప్రసాద్‌తోనూ కలిసి సునీల్ జానా వూళ్ళు తిరిగాడు. అతని ఫొటోలు పార్టీ పత్రిక 'పీపుల్స్ వార్' లో అచ్చయ్యాయి. హూపర్ ఫొటోలో కరువు దైవఘటన. జానా ఫొటోలో కరువు నేరం. ఆకలి ఒకటే, ఎముకలు అవే, కెమెరా కూడా దాదాపు అదే. ఎవరికి చూపటానికి తీశారన్నదే వేరు.

ఇక సామాన్యుడు తనంత తాను కెమెరా ముందుకు వచ్చిన దారి స్టూడియో దారి. హైదరాబాదులో 1880 లలో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరైన లాలా దీనదయాళ్ సికిందరాబాదులో స్టూడియో నడిపాడు. 1892 లో ఘోషా స్త్రీలకోసం జనానా స్టూడియో కూడా పెట్టాడు. అక్కడికి వెళ్ళినవారికి తాము ఎలా కనపడాలో నిర్ణయించుకునే హక్కు వుంది, డబ్బిచ్చేది వారే గనుక. నవాబులతో మొదలైన ఆ హక్కు తాలూకా పట్టణాలదాకా దిగటానికి అర్ధశతాబ్దం పైన పట్టింది. తెరమీద తోట, పాలరాతి మెట్లు, బల్లమీద పూలకుండీ, స్టూడియోవారి కోటు, స్టూడియోవారి చేతిగడియారం. ఆఫ్రికాలోని బమాకో పట్టణంలో 1948 లో స్టూడియో తెరిచిన సేదూ కేతా కూడా ఇలాగే కోట్లూ గడియారాలూ అద్దెలేకుండా తొడిగించి, దుప్పటి వెనక కట్టి, వచ్చినవారిని దొరల్లా నిలబెట్టాడు. అప్పటికి అది ఫ్రెంచివారి వలస.

మన విద్యార్థుల్లో కొందరు దీన్ని చూసి నవ్వుతారు. పేదవాడు ధనికుడి వేషం వేసుకున్నాడు, ఇది భ్రమ అంటారు. మా ఇంట్లో మా తాతగారి ఫొటో ఒక్కటే వుంది. ఒంటిమీద స్టూడియోవారి కోటు, భుజాలకు పెద్దది. కాళ్ళకు చెప్పులు లేవు. ఆయన జీవితకాలమంతా పరాయి పొలంలో పనిచేశాడు. ఆ కోటు ఆయన వేసుకున్నది దొరను అనుకరించటానికి కాదనీ, ఒక్క పూటైనా తనను కూలివానిగా ఎవరూ చూడకూడదనే పట్టుదలతోననీ నా అభిప్రాయం. దాన్ని భ్రమ అనేవారు, ఆ మనిషిని గోచీతో ఫొటో తీస్తే వాస్తవికత అంటారు గాబోలు. హూపర్ చేసిందీ అదే.

కేతా ఫొటోలకు తర్వాత పట్టిన గతి కూడా చెప్పుకోవాలి. ఆయన అచ్చువేసి ఇచ్చిన ప్రతులు అరచేతిలో ఇమిడేంత చిన్నవి, ఇంట్లో దాచుకోవటానికి ఇచ్చినవి. 1991 లో వాటిలో కొన్ని న్యూయార్కు ప్రదర్శనలో కనిపించినప్పుడు తీసినవారి పేరు కూడా తెలియదని రాశారు. ఆ తర్వాత ఆయన ఎవరో తెలిసింది. నెగెటివులనుంచి గోడంత ప్రతులు వేసి గొప్ప వెలలకు అమ్మారు. ఫొటోలో వున్నవారికీ ఆ గోడలకూ ఏ సంబంధమూ లేదు.

నమూనాకూ ప్రతినిధికీ మధ్య గీత ఎంత సన్ననిదో తెలియాలంటే జర్మనీకి వెళ్ళాలి. ఆగస్ట్ జాండర్ 1876 లో ఒక గని వడ్రంగికి పుట్టాడు. చిన్నతనంలో తానూ గనిలో పనిచేస్తూ, అక్కడికి వచ్చిన ఒక ఫొటోగ్రాఫరుకు సామాను మోసిపెట్టి ఆ విద్యను మరిగాడు. 1910 ప్రాంతంలో కొలోన్ నగరంలో స్థిరపడి, దగ్గరలోని వెస్టర్‌వాల్డ్ గ్రామాలకు సైకిలుమీద వెళ్ళి రైతు కుటుంబాలను ఫొటోలు తీసేవాడు. రైతులు డబ్బిచ్చి ఆ ఫొటోలు కొనుక్కున్నారు. అలా మొదలైన పని, ఇరవయ్యో శతాబ్దపు మనుషులనందరినీ వృత్తివారీగా, వర్గంవారీగా చూపించాలన్న మహా సంకల్పంగా పెరిగింది. రైతు, చేతిపనివాడు, కార్మికుడు, స్త్రీ, కళాకారుడు, చివరకు బిచ్చగాడు, రోగి. 1929 లో అందులోనుంచి 60 ఫొటోలు ఏరి 'ఆంట్‌లిట్స్ డెర్ త్సైట్' అనే పుస్తకం వేశాడు. కాలం ముఖం అని ఆ పేరుకు అర్థం. నవలాకారుడు అల్‌ఫ్రెడ్ డోబ్లిన్ ముందుమాట రాశాడు.

పద్ధతి చూస్తే ఇది కూడా వర్గీకరణే. ఫొటో కింద పేరు వుండదు, వృత్తి వుంటుంది. మరి 'పీపుల్ ఆఫ్ ఇండియా' కూ దీనికీ తేడా ఏమిటి? జాండర్ ఫొటోల్లో కార్ఖానాదారూ వున్నాడు, వంటవాడూ వున్నాడు. ఇద్దరూ ఒకే ఎత్తునుంచి, ఒకే శ్రద్ధతో, నేరుగా మనవైపు చూస్తారు. వర్గీకరించినవాడు కూడా ఆ వర్గీకరణకు లోబడినవాడే. నాజీలకు ఈ తేడా మన విమర్శకులకన్న త్వరగా అర్థమయింది. మేలుజాతి ముఖమొకటి వుంటుందని వారు ప్రచారం చేస్తున్నారు. జాండర్ పుస్తకంలో అటువంటి ముఖం దొరకదు. 1936 లో ఆ పుస్తకపు అచ్చుపలకలను ధ్వంసం చేశారు. సోషలిస్టు వర్కర్స్ పార్టీలో పనిచేసిన జాండర్ కొడుకు ఎరిక్‌ను 1934 లో అరెస్టు చేశారు. పదేళ్ళ శిక్ష ముగియవచ్చే సమయాన, 1944 లో, జైలులోనే అతడు చనిపోయాడు. ఎరిక్ జైలులో తీసిన రాజకీయ ఖైదీల ఫొటోలను తండ్రి తన మహాసంకలనంలో చేర్చుకున్నాడు. 1938 ప్రాంతంలో గుర్తింపు కార్డులకోసం తన స్టూడియోకు వచ్చిన యూదుల ఫొటోలనూ చేర్చాడు. ప్రభుత్వం వేటకోసం తీయించిన ముఖాలను ఆయన మనుషుల ముఖాలుగా మళ్ళీ మనముందు పెట్టాడు.

అయినా జాండర్ పేర్లను నమ్మలేం. 1914 లో తీసిన ఒక ఫొటో ప్రపంచప్రసిద్ధం: నల్ల సూట్లు, టోపీలు, చేతికర్రలతో బురదదారిలో ఆగి వెనక్కి చూస్తున్న ముగ్గురు యువకులు. యువ రైతులని దాని పేరు. ఆ ముగ్గురూ రైతులు కారనీ, ఇనుపరాతి గనికి సంబంధించిన ఉద్యోగాల్లో వున్నవారనీ ఇటీవల పరిశోధకులు కనుక్కున్నారు. ఒకడు మొదటి ప్రపంచయుద్ధంలో చచ్చిపోయాడు. పేరు అడిగి రాసుకుని వుంటే ఈ పొరపాటు వంద సంవత్సరాలపాటు నిలిచేది కాదు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో సామాన్యుని ఫొటోకు మరొక గండం వచ్చింది. 1955 లో ఎడ్వర్డ్ స్టైకెన్ న్యూయార్కులో ఏర్పాటుచేసిన 'ఫ్యామిలీ ఆఫ్ మాన్' ప్రదర్శనలో 68 దేశాలనుంచి 503 ఫొటోలు వున్నాయి. పుట్టుక, ఆట, పెళ్ళి, పని, చావు: మానవులంతా ఒక్కటే కుటుంబమని దాని సందేశం. అమెరికా ప్రచారశాఖ దాన్ని దేశదేశాలు తిప్పింది. మన దేశానికీ తెచ్చింది. పని అందరూ చేస్తారు, నిజమే. కాని ఎవరికోసం చేస్తారు? చావు అందరికీ వస్తుంది, నిజమే. కాని ఏ వయసులో, దేనివల్ల వస్తుంది? రోలా బార్త్ 1957 లో అచ్చయిన తన వ్యాసాల్లో ఇటువంటి అభ్యంతరమే తెలిపాడు. హూపర్ మనిషిని కులంలో ముంచితే, స్టైకెన్ మానవజాతిలో ముంచాడు. రెండుచోట్లా మునిగినవాడు ఫలానా వీధిలో వుండే ఫలానా మనిషి.

మా కళాశాల విద్యార్థులు కొందరు కిందటి సంవత్సరం మా వూరి మార్కెట్టు వీధి మనుషుల ఫొటోలు తీసి ప్రదర్శన పెట్టారు. చాలా బాగా తీశారు. ఫొటోల కింద కూరగాయల వ్యాపారి, హమాలీ, చెప్పులు కుట్టే తాత అని రాశారు. ఒక హమాలీ ప్రదర్శనకు వచ్చి తన ఫొటోముందు చాలాసేపు నిలబడ్డాడు. ఇది నాకిస్తారా అని అడిగాడు. ప్రదర్శన అయ్యాక కళాశాలలో పెడతామని విద్యార్థులు చెప్పారు. వాళ్ళు మంచి పిల్లలు, రాజకీయ చైతన్యం వున్నవాళ్ళు. ఆ ఫొటో అతనిది కూడా కావచ్చునని వారికి తోచలేదు. అప్పుడు నేను వారికి చెప్పిన కథ మిల్టన్ రొగోవిన్‌ది. మూడు రోజుల తర్వాత వారు ప్రతులు వేయించుకుని, పేర్లు కూడా అడిగి రాసుకుని, వీధిలో పంచివచ్చారు.

రొగోవిన్ 1909 లో న్యూయార్కులో, వలసవచ్చిన యూదు కుటుంబంలో పుట్టాడు. కంటిచూపు పరీక్షించి కళ్ళద్దాలు ఇవ్వటం ఆయన వృత్తి. 1930 లనాటి మాంద్యం ఆయన్ను వామపక్షానికి తెచ్చింది. బఫలో నగరంలో దుకాణం పెట్టి, పార్టీ పుస్తకభాండాగారాన్ని చూసుకుంటూ, కార్మికోద్యమంలో పనిచేశాడు. 1957 లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ఆయన్ను పిలిచి విచారించింది. ఆయన సమాధానం చెప్పటానికి నిరాకరించాడు. వూరి పత్రిక ఆయన్ను నగరంలోకెల్లా పెద్ద ఎర్రవాడని అచ్చువేసింది. దుకాణానికి వచ్చేవాళ్ళు సగానికి సగం తగ్గిపోయారు. నోరు మూసినందువల్ల ఆయన కెమెరా పట్టుకున్నాడని చెప్పవచ్చు. ఉపన్యాసం చెప్పే అవకాశం పోయినవాడు వేరే భాష వెతుక్కున్నాడు.

మొదట ఒక సంగీతాచార్యుడు నీగ్రో చర్చీలలోని పాటలు రికార్డు చేస్తూ ఫొటోలు తీయటానికి రమ్మంటే వెళ్ళాడు. (ఆ కాలపు మాట అది, ఇప్పుడు నల్లజాతివారు అనాలి.) ఆచార్యుని పని కొద్ది నెలల్లో ముగిసింది, రొగోవిన్ మూడేళ్ళు వెళుతూనే వున్నాడు. 1962 లో ఆ ఫొటోలు 'అపెర్చర్' పత్రికలో డుబోయిస్ ముందుమాటతో వచ్చాయి. తర్వాత అపలాచియా కొండల్లోని బొగ్గుగని కార్మికుల దగ్గరకు వెళ్ళాడు. 1967 లో పాబ్లో నెరూడా ప్రోత్సాహంతో చిలీ వెళ్ళి చిలోయే ద్వీప జనాన్ని ఫొటోలు తీశాడు. ఇవన్నీ ముఖ్యమైనవే గాని, నా దృష్టిలో ఆయన చేసిన అసలు పని 1972 లో, తన దుకాణానికి దగ్గరలో వున్న లోయర్ వెస్ట్ సైడ్ అనే పేటలో మొదలయింది.

ప్యూర్టో రికోనుంచి వచ్చినవారు, నల్లజాతివారు, ఇటలీవారు, ఆదివాసులు కలిసి బతికే పేద పేట అది. మత్తుపదార్థాలకూ వ్యభిచారానికీ పేరుపడింది. మొదట జనం ఆయన్ను పోలీసు మనిషనుకున్నారు. ఆయన భార్య ఏన్, బుద్ధి ఎదగని పిల్లలకు చదువుచెప్పే ఉపాధ్యాయిని, ప్రతిసారీ వెంట వెళ్ళేది. వారు చేసిన పని చాలా సులువైనది, అందుకే ఎవరూ చేయరు: ఫొటో తీశాక మళ్ళీ వెళ్ళి ఒక ప్రతిని ఉచితంగా ఇచ్చేవారు. ఎలా నిలబడాలో, ఎవరిని పక్కన పెట్టుకోవాలో, ఇంట్లో ఏ గోడముందు కూర్చోవాలో ఫొటోలో వుండేవారే చెప్పుకున్నారు. ఆయన కెమెరా రోలైఫ్లెక్స్. దాన్ని పొట్టదగ్గర పట్టుకుని పైనుంచి గాజుపలకలోకి చూడాలి. అంటే ఫొటో తీసేవాడు తల వంచుకుంటాడు, తీయించుకునేవాడు తల ఎత్తుకుంటాడు. ఆ పేట ఫొటోల్లో దైన్యం కనపడకపోవటానికి ఈ చిన్న విషయం కూడా ఒక కారణమని నాకనిపిస్తుంది.

1984 లో ఆయన ఆ పేటకు మళ్ళీ వెళ్ళాడు. చిరునామాలు లేవు. పాత ఫొటోలు చేత పట్టుకుని, వీరెక్కడున్నారని భార్యాభర్తలిద్దరూ వీధుల్లో అడుగుతూ తిరిగారు. 12 సంవత్సరాల క్రితం ఇచ్చిన ప్రతులు ఇళ్ళ గోడలమీద కనిపించాయి. వాటి పక్కన రెండో ఫొటో చేరింది. 1992 లో మూడోసారి, 2000 లో నాలుగోసారి వెళ్ళాడు. తల్లి చంకలోని పిల్ల తర్వాతి ఫొటోలో యువతి, ఆ తర్వాతి ఫొటోలో తల్లి. ఒక జంటలో ఒకరే మిగిలారు. ఒకరు లావయ్యారు, ఒకరు చిక్కిపోయారు. నమూనాకు కాలం అక్కరలేదు. ఎండిన గింజ పదేళ్ళకైనా అదే గింజ. ఒకే మనిషిని ముప్ఫై సంవత్సరాల పొడుగునా నాలుగుసార్లు చూశాక అతన్ని పేదరికానికి ఉదాహరణ అనటం ఎవరి తరమూ కాదు. పేదరికం అతనికి ఏం చేసిందో, అతడు దానికి ఎంతవరకు లొంగలేదో మాత్రం కనపడుతుంది.

1970 ల చివర ఆయన ఉక్కు కార్మికులనూ ఇలాగే తీశాడు: కొలిమి దగ్గర ఒక ఫొటో, ఇంట్లో ఒక ఫొటో. కొలిమి ఫొటోలో ముఖం మసిబారి, కళ్ళకు అద్దాలతో, యంత్రంలో ఒక భాగంలా వున్నవాడు ఇంటి ఫొటోలో పిల్లను ఒళ్ళో పెట్టుకుని వుంటాడు. మన కథల్లో కార్మికుడు ఇల్లు చేరటం ఎంత అరుదో గుర్తుచేసుకోండి! సమ్మె జరిగేవరకు ఫ్యాక్టరీ గేటు దగ్గరే నిలబడి వుంటాడు. 1983 లో బఫలో పక్కనున్న లాకవానాలో బెత్లెహాం కంపెనీ ఉక్కు తయారీ ఆపేసింది. వేలమంది వీధిన పడ్డారు. రొగోవిన్ మళ్ళీ వెళ్ళి, పని పోయినవారిని మూడోసారి ఫొటోలు తీశాడు. చరిత్రకారుడు మైకేల్ ఫ్రిష్ వారి మాటలు రికార్డుచేశాడు. రెండూ కలిపి 1993 లో పుస్తకంగా వచ్చాయి.

ఈ ఫొటోలు ఒక్క కొలిమినైనా మూతపడకుండా ఆపాయా అని అడిగేవారు వుంటారు. ఆపలేదు. లోయర్ వెస్ట్ సైడ్‌లో పేదరికమూ పోలేదు. ఫొటో సంఘం కాదు, సమ్మె కాదు. ఆ పని దాన్ని అడగటం, వర్షం కురిపించలేదని పంచాంగాన్ని తిట్టటం లాంటిది. నాకున్న అభ్యంతరం వేరు. రొగోవిన్ కూడా చాలాకాలం తన ఫొటోల కింద పేర్లు వేయలేదు. 1984 లో వీధివీధీ తిరిగి వెతుక్కోవలసి రావటానికి ఇదీ ఒక కారణమే. ఆ మనుషుల మాటలు కూడా వారి ఫొటోలతోపాటు చేరిన పుస్తకం 2003 లో గాని రాలేదు. జాండర్‌కు వేసిన ప్రశ్న రొగోవిన్‌కు వేయకుండా వదిలితే అది విమర్శ కాదు, పార్టీ మర్యాద.

ఇప్పుడు మన దేశంలో ఫొటో లేని మనిషి దాదాపు లేడు. ఓటరు కార్డుమీద, రేషను కార్డుమీద, 2010 నుంచి ఆధార్ కార్డుమీద ప్రతివారి ముఖమూ వుంది. ఆ ఫొటోలో నవ్వకూడదు, పక్కన ఎవరూ వుండకూడదు, నెత్తిన ముసుగు ముఖాన్ని కప్పకూడదు. చేతిలో ఫోను వున్నవాడు తన ఫొటో తానే రోజుకు పది తీసుకుంటాడు. ఒకటి ప్రభుత్వం కోసం, ఒకటి తనకోసం. ఈ రెంటికీ మధ్య, పొరుగువాడు పొరుగువాణ్ణి అడిగి, కూర్చోబెట్టి, శ్రద్ధగా తీసి, ప్రతి ఇచ్చే ఫొటోకు చోటు ఖాళీగానే వుంది. పేటల్లో ప్రదర్శనలు పెట్టే యువకులు నింపవలసింది ఆ ఖాళీని.

నాలుగోసారి ఆ పేటకు వెళ్ళేనాటికి రొగోవిన్‌కు 90 ఏళ్ళు. ఏన్ 2003 లో చనిపోయింది. ఆయన 2011 జనవరిలో, 101 వ ఏట చనిపోయాడు. 1957 లో ఆయన్ను పిలిపించి దోషిగా నిలబెట్టిన కమిటీ అమెరికా కాంగ్రెసుకు చెందినది. 1999 లో ఆయన నెగెటివులనూ ముద్రిత ప్రతులనూ తీసుకుని భద్రపరచింది అదే కాంగ్రెసు గ్రంథాలయం. వాషింగ్టనులో ఆ పెట్టెలు తెరిచి చూసే అవకాశం పరిశోధకులకు వుంది. 1972 నాటి మొదటి ప్రతులు మాత్రం అంతకు చాలా ముందే బఫలోలో, ఫొటోలో వున్నవారి ఇళ్ళకు చేరాయి.